బోదకాలు – మృదుమర్దనము

గంజాము మొదలు యానాము వరకు గల తీరప్రాంతమున బోదకాలు తెలుగువారు తరతరములుగ నెఱిగిన వ్యాధి. కాలు వాచినదనగానే నూనె పట్టించి గట్టిగా తోముట మనవారి యలవాటు. ఈ వాపునకు అది తగదు.

రక్తనాళములనుండి కణజాలములోనికి ఊరిన ద్రవమును శోషరస నాళములు గ్రహించి, మెడ మొదట నున్న సిరలలో మరల కలుపును. దోమకాటువలన చేరిన ఫైలేరియా పురుగు ఈ నాళములను చెఱుపగా, ద్రవము కాలిలో నిలిచిపోవును. చర్మము క్రిందనే యుండు సన్నని నాళములు మిక్కిలి సున్నితములు. బలముగ నొత్తిన నణగిపోవును. అందుచేత డెన్మార్కు దేశీయులగు ఎమిల్ వోడర్ దంపతులు రూపొందించి, 1936లో పారిస్ నగరమున ప్రకటించిన పద్ధతిలో, చేయి చర్మమును మెల్లగా సాగదీసి విడుచును, అంతే.

వింతయేమనగా, మర్దనము వాచిన కాలితో నారంభము కాదు. ముందు మెడ, పిదప పొట్ట, గజ్జ, తొడ, పాదము కడపటిది. ముంపుపొలమున నీరు తీయువాడు ముందుగా దిగువ గండి తెఱచును గదా! ముగిసిన వెంటనే కట్టు కట్టవలెను. లేనిచో వాపు మరల వచ్చును.

చలిజ్వరముతో కాలు ఎఱ్ఱబారినప్పుడును, సిరలో రక్తము గడ్డకట్టినప్పుడును మర్దనము కూడదు. గుండెజబ్బు గలవారు ముందుగ వైద్యునడుగవలెను. మర్దనము పురుగును చంపదు. ఆ పని మందులది. నేర్చిన చేతులు దొరకని యూళ్ళలో చింత వలదు: ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ నొత్తి, రాత్రులందు ఎత్తున నుంచుట మర్దనముకంటె ముందు చేయదగిన పనులు.