క్యూసెక్కుల లెక్క

1855లో పూర్తియైన పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, విజయవాడయొద్ద కృష్ణకు అడ్డముగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి లేచినది. అచట ప్రవాహమును నేటికిని క్యూసెక్కులలోనే చెప్పుదురు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారిన అది ఒక క్యూసెక్కు. ఒక ఘనపు మీటరు పారిన క్యూమెక్కు.

2024 సెప్టెంబరు వరదలో బ్యారేజివద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. ఇవి ఎన్ని క్యూమెక్కులు? మీటరునకు సుమారు 3.28 అడుగులు కదా, 3.28చే భాగించిన చాలునని విద్యార్థికి తోచును. అట్లు చేసిన 3,48,000 పైచిలుకు వచ్చును. ఉన్న వరదకు ఇది పదిరెట్లకు మించినది! దిగువనున్న లంక గ్రామములవారికి హెచ్చరికలు పంపునది ఇట్టి అంకెలనుబట్టియే.

పొరపాటెచ్చట? ఘనపుటడుగులో అడుగు మూడు మారులున్నది: పొడవున, వెడల్పున, లోతున. కావున 3.28ను మూడు మారులు వేసి హెచ్చింపవలెను, సుమారు 35.3 వచ్చును. సెకను రెండు మానములలోను ఒక్కటే గనుక దాని జోలికి పోనక్కరలేదు. 11.43 లక్షలను 35.3చే భాగించిన దాదాపు 32,400 క్యూమెక్కులు.

తిరుగు లెక్కలో హెచ్చింపవలెను. డెల్టా కాలువ యొకదానిలో 10 క్యూమెక్కులు పారుచున్నచో, అవి 353 క్యూసెక్కులు.