ఫైళ్లకు తాళం పడుతుంటే

ర్యాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోని ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. రహస్యమైన ‘కీ’ ఉంటే తప్ప తెరవలేని రూపంలోకి వాటిని మార్చి, ఆ కీ కోసం డబ్బు అడుగుతుంది. ఈ తరహా దోపిడీకి తొలి ఉదాహరణ 1989 నాటిది. ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో పోస్టులో వచ్చిన ఫ్లాపీ డిస్కులు ఫైళ్ల పేర్లను గజిబిజి చేసి, పనామాలోని ఓ పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపమన్నాయి. 2017 మే 12న విరుచుకుపడ్డ వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి.

యాంటీవైరస్‌లు చాలాకాలం ఆనవాళ్లను నమ్ముకుని పనిచేశాయి. తెలిసిన వైరస్ కోడ్‌లోంచి ఒక ముక్కను గుర్తుపెట్టుకుని, ప్రతి కొత్త ఫైల్‌లోనూ దాని కోసం వెతికేవి. ఈ పద్ధతి ర్యాన్సమ్‌వేర్ దగ్గర తడబడుతుంది. కోడ్‌ను కాస్త మార్చి మళ్లీ వదిలితే ఆనవాలు చెల్లదు. అయితే ఎంత వేషం మార్చినా ర్యాన్సమ్‌వేర్‌కు తప్పని పని ఒకటుంది: ఫైళ్లను తెరవాలి, చదవాలి, మార్చి రాయాలి, అసలుది మిగలకుండా చూడాలి. అందుకే పరిశోధకులు ప్రోగ్రామ్ ఏమిటన్నది పక్కనబెట్టి, అది ఫైళ్లను ఏం చేస్తోందన్న దానిపై దృష్టి పెట్టారు.

అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బృందం 2016లో వెలువరించిన క్రిప్టోడ్రాప్ ఈ ఆలోచనకు మంచి నమూనా. అది ప్రధానంగా మూడు మార్పులను గమనిస్తుంది. మొదటిది ఫైల్ రకం. పీడీఎఫ్ ఫైల్ మొదట్లో శాతం గుర్తు, దాని వెంట పి, డి, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. జేపెగ్ ఫొటోలకూ అలాంటి గుర్తే వేరే ఉంది. ఎన్‌క్రిప్షన్‌తో ఆ గుర్తు చెరిగిపోతుంది. రెండోది పోలిక. ఉత్తరంలో నాలుగు వాక్యాలు దిద్దితే పాత ప్రతికీ కొత్త ప్రతికీ చాలావరకు పోలిక ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్‌కు తన పాత రూపంతో ఏ పోలికా మిగలదు.

మూడోది ఎంట్రపీ, అంటే బైట్‌లు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత. ఒక్కో బైట్‌కు ఇది 0 నుంచి 8 దాకా ఉండవచ్చు. భాషలో కొన్ని అక్షరాలు పదే పదే వస్తాయి కాబట్టి మామూలు ఇంగ్లిష్ పాఠానికి 4, 5 మధ్య వస్తుంది. యూనికోడ్ తెలుగుది ఇంకా తక్కువే. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్‌లు పడితే, వాటిలో మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. ఇంత క్రమంగా ఉన్న ఫైల్ ఉన్నట్టుండి 8 దరిదాపుల్లోకి ఎగబాకిందంటే అనుమానించాల్సిందే. చిక్కల్లా ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లతోనే. వాటిని ముందే కుదించి ఉంచడంవల్ల ఎంట్రపీ మొదటినుంచీ 8కి దగ్గరగానే ఉంటుంది. అందుకే ఈ ఒక్క కొలతతో తీర్పు చెప్పడం కుదరదు.

మూడు సూచనలూ కలిసినప్పుడే క్రిప్టోడ్రాప్ గట్టిగా స్పందిస్తుంది. 492 ర్యాన్సమ్‌వేర్ నమూనాలపై పరీక్షిస్తే అన్నిటినీ పట్టింది. దాదాపు 5,100 ఫైళ్లలో పోయినవి మధ్యస్థంగా 10. ఆ 10 ఫైళ్లు ఈ పద్ధతి చెల్లించక తప్పని మూల్యం: నడవడిక చూసి పట్టాలంటే కాస్త నడవనివ్వాలి. మంచి ప్రోగ్రామ్‌లను పరీక్షించినప్పుడు అది తప్పుపట్టింది 7-జిప్ ఒక్కదాన్నే. బోలెడు ఫైళ్లను గబగబా చదివి, గజిబిజిగా కనిపించే ఫైల్‌ను రాసే ఆ ప్రోగ్రామ్‌ను అనుమానించడం పెద్ద తప్పేమీ కాదు.

నష్టాన్ని ఇంకా తగ్గించడానికి ఎర ఫైళ్లు పెడతారు. వాటిని తెరవాల్సిన పని ఎవరికీ ఉండదు కాబట్టి, ఏ ప్రోగ్రామ్ ముట్టుకున్నా గంట మోగుతుంది. ఫైళ్ల జోలికి పోకముందే బయటపడే సంకేతం మరొకటుంది: విండోస్ దాచుకునే షాడో కాపీలను చెరిపేయమన్న ఆదేశం. మామూలు వాడుకలో అరుదైన ఈ ఆదేశం బాధితుడికి పాత ప్రతులు మిగలకుండా చేయడానికే. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10కు చేర్చిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ది వేరే దారి. నమ్మకమున్న ప్రోగ్రామ్‌లను తప్ప వేటినీ ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయనివ్వదు. చాలామంది కంప్యూటర్లలో అది ఆన్ చేయకుండానే పడి ఉంటుంది.

దొంగలూ ఊరుకోలేదు. 2021లో కనిపించిన లాక్‌ఫైల్ అనే ర్యాన్సమ్‌వేర్ ఫైల్ మొత్తాన్ని కాకుండా 16 బైట్‌లు విడిచి 16 బైట్‌లు ఎన్‌క్రిప్ట్ చేసింది. ఫైల్ పనికిరాకుండా పోతుంది, ఎంట్రపీ మాత్రం అంతగా పెరగదు. వేగంతో గట్టెక్కేవి మరికొన్ని. 2022లో స్ప్లంక్ సంస్థ కొలిచినప్పుడు లాక్‌బిట్ దాదాపు 98,000 ఫైళ్లను మధ్యస్థంగా 5 నిమిషాల 50 సెకన్లలో ముగించింది. ఆ తీరున హెచ్చరిక చూసి మనిషి లేచొచ్చేలోపు పని అయిపోతుంది. ఆపే నిర్ణయం సాఫ్ట్‌వేరే తీసుకోవాలి. దాడి ఆఫీసులోని మరో కంప్యూటర్ నుంచి షేర్డ్ ఫోల్డర్ మీదికి వస్తుంటే, ఆ ఫోల్డర్ ఉన్న సర్వర్‌లో ఆపడానికి దొంగ ప్రోగ్రామే ఉండదు. అప్పుడు ఆ కంప్యూటర్‌తో కనెక్షన్‌నే తెంచాలి.

అలారం మోగాక మొదటి పని నెట్‌వర్క్ కేబుల్ పీకడం, వైఫై ఆపడం. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకపోవడమే మేలు. వానాక్రై సోకిన కొన్ని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో కీ తయారీకి వాడిన ప్రధాన సంఖ్యలు మెమరీలో మిగిలిపోయాయని ఫ్రెంచ్ పరిశోధకుడు ఆడ్రియెన్ గినే 2017 మేలో కనిపెట్టి, వాటితో కీని తిరిగి కట్టే వానాకీ అనే సాధనాన్ని విడుదల చేశాడు. రీస్టార్ట్ చేయని కంప్యూటర్లలోనే అది పనిచేసింది.