మెట్లు దిగిన పద్దు

గతమాసమున మా పొదుపు సంఘపు సమావేశమునకు గంట ముందు సభ్యురాండ్ర బాకీల పట్టికను ముద్రింపబోగా కాగితముపై పంక్తులు మెట్లవలె దిగినవి. మొదటిది సరిగనే యున్నది. రెండవది, మొదటిది ముగిసిన చోటి క్రిందనుండి మొదలయ్యెను. మూడవది కాగితపుటంచు దాటిపోయెను. ఎవరి పేరిట నెంత బాకీయో తెలియని కాగితముతో సభకు బోవుటెట్లు? దుకాణదారుని ఫోనులో నడుగగా, "ప్రింటరు చెడినదమ్మా, క్రొత్తది కొనుడు" అని తేలికగా సెలవిచ్చెను.

యంత్రము చెడలేదు. మేము లైనెక్సు కంప్యూటరునుండి సాదా టెక్స్టు ఫైలును, డ్రైవరు నడుమ లేకుండ, రౌటరుగుండ తిన్నగా ప్రింటరుయొక్క 9100వ పోర్టునకు పంపుచుందుము. చిక్కంతయు నచటనే కలదు. టైపుమిషను నెఱిగిన సోదరీమణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పంక్తి ముగియగనే చేయవలసిన పనులు రెండు: కాగితమును ఒక పంక్తి జరుపుట, వ్రాతను ఎడమ యంచునకు మరల్చుట. 1963లో నేర్పడిన ఆస్కీ సంకేతములలో మొదటిదానికి 10, రెండవదానికి 13 గుర్తులు. విండోసు ఫైళ్లలో సాధారణముగ రెండును ఉండును. లైనెక్సు ఫైళ్లలో 10 మాత్రమే యుండును. ప్రింటరు చెప్పినంతే చేసినది: క్రిందికి జరిగినది, ఎడమకు మరలలేదు. యూనిక్స్‌టూడాస్ అను చిన్న సాధనముచే ఫైలును మార్చి పంపగా పంక్తులు బుద్ధిగా వరుసకు వచ్చినవి.

కొన్ని ప్రింటర్లలో దీపము మినుకుచుండి చివరి పుట వెలికి రాకుండుటయు గలదు. పుట నిండలేదని యది వేచియున్నదన్నమాట. ఫైలు తుదను 12వ సంకేతము చేర్చిన చాలును. ఏమియు రానిచో, రౌటరు ప్రింటరునకు క్రొత్త చిరునామా నిచ్చినదేమో చూడవలెను. ప్రింటరే ముద్రించు వివరపత్రమున నది కనబడును. చవకరకపు ప్రింటర్లు కొన్ని సాదా టెక్స్టును గ్రహింపనే గ్రహింపవు. వానికి డ్రైవరు తప్పదు.

పట్టికతో సభకు బోయితిమి. అందొక వృద్ధురాలు, "అమ్మా, నా పేరు తెలుగున లేదేమి?" అని యడిగినది. ఆమెకు ఇంగ్లీషు రాదు. మఱునాడు తెలుగున వ్రాసి యట్లే పంపితిమి. నెత్తిన గీతగల రోమను అక్షరమొకటి, చిన్న సున్న యొకటి, మాటిమాటికి అవియే పుటనిండ! యూనికోడునందు, యూటీఎఫ్-8 పద్ధతిలో, ప్రతి తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు. తెలుగక్షరములు లేని ప్రింటరు ఒక్కొక్క బైటును ఒక్కొక్క రోమను గుర్తుగా జదివినది. ఇందులకు యూనిక్స్‌టూడాస్ పనికిరాదు. ఫైలును లిబ్రె ఆఫీసులో దెఱచి, తెలుగు ఫాంటు నెన్ని, డ్రైవరుద్వారా ముద్రించితిమి. అప్పుడు అక్షరముల రూపమును కంప్యూటరే సిద్ధపఱచి పంపును.

ఆ కాగితమును వృద్ధురాలి చేతికిచ్చితిమి. ఆమె వ్రేలితో తన పేరు వెదకికొని, ప్రక్కనున్న యంకె చూచి, "ఇది పోయిన నెలలోనే తీర్చితిని గదమ్మా" అనినది. రసీదుపుస్తకము దీసి చూడగా ఆమె మాటయే నిజము.