క్లోమపుటికల మార్పిడి: ఇన్సులిన్ సూది మానుట ఎంతవరకు సాధ్యము?

శరీరములో ఇన్సులిన్ బొత్తిగా పుట్టని మధుమేహము కొందరికి బాల్యముననే వచ్చుచున్నది. అట్టి బిడ్డకు ప్రతిదినము ఇన్సులిన్ సూది తప్పదు. ఇతరుల కణములు ఎక్కించినచో ఇక సూది అక్కరలేదట అను మాట విని ఎవరైన దానిని మాన్పించినచో, కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. కావున ఈ చికిత్స నిజస్వరూపమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

జీర్ణాశయము వెనుక క్లోమమను గ్రంథి గలదు. అందు దీవులవలె చెదరియుండు కణముల గుంపులను 1869లో జర్మనీ దేశీయుడు పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించెను. ఇన్సులిన్ పుట్టునది ఈ పుటికలయందే. మరణానంతరము దానముగా లభించిన క్లోమమునుండి వీనిని వేరుచేసి, రోగి కాలేయమునకు పోవు పెద్ద సిరలోనికి ఎక్కింతురు. అవి కాలేయమున నాటుకొని ఇన్సులిన్ నిచ్చును.

కెనడాలోని ఎడ్మంటన్ నగరమున డాక్టరు జేమ్స్ షపీరో బృందమువారు ఏడుగురికి ఇట్లు చేయగా, ఏడుగురును సూది మానిరని 2000లో ప్రకటించిరి. అంతకు పూర్వము ఇట్టి ఫలితము అరుదు. వారు రోగి బరువులో కిలో ఒక్కింటికి సగటున 11,500కు పైగా పుటికలను ఎక్కించిరి. ఇందుకు ఒక దాత క్లోమము చాలక, ప్రతి రోగికిని కనీసము ఇద్దరు దాతలవి కావలసివచ్చెను. పరాయి కణములను శరీరము తిరస్కరింపకుండ వాడు మందులలో, చక్కెరను పెంచు స్టెరాయిడ్లను విడిచిపెట్టిరి.

విత్తనములెన్ని చల్లినను మొలచునవి కొన్నియే గదా! రక్తమున పడినంతనే గడ్డకట్టు ప్రతిచర్యచేత పుటికలు పెక్కు నశించును. దాత క్లోమము మంచులో ఎక్కువ గంటలు నిలువయున్నచో వాని బలము తగ్గును. వేరుచేయువారి అనుభవమును ముఖ్యమే. బరువు తక్కువయై, కొద్ది ఇన్సులిన్‌తో సరిపోవు రోగికి సూది మానుట కొంత సులభము. నాటుకొన్నవానికిని ముప్పు తప్పదు. మొదట సొంత పుటికలను చంపిన నిరోధకశక్తియే వీనిపైనను తిరుగబడును. దానిని అణచు మందులలో కొన్ని పుటికలకే హాని చేయును.

అందుచేతనే, ఎడ్మంటన్ వారే 2005లో వెల్లడించిన ప్రకారము, ఐదేండ్లు గడచుసరికి సూది లేకుండ నున్నవారు నూటికి సుమారు పదిమంది మాత్రమే. అయినను నూటికి ఎనుబదిమందిలో పుటికలు ఎంతోకొంత ఇన్సులిన్ ఇచ్చుచునే యుండెను. ఇది స్వల్పలాభము కాదు. ముందు సూచన లేకయే చక్కెర పడిపోయి స్పృహతప్పు రోగికి ఆ కొద్దిపాటి ఇన్సులినే పెద్ద రక్ష. ఇట్టి ఆపద పదేపదే కలుగు పెద్దవారికే అమెరికా ప్రభుత్వము 2023 జూన్‌లో ఒక పుటికల చికిత్సను అనుమతించెను, పిల్లలకు గాదు. నిరోధకశక్తిని అణచు మందులను ఆ పిమ్మట విడువక వాడవలెను. వానివలన అంటురోగముల భయము, క్యాన్సరు భయము హెచ్చును. మార్పిడి జరిగినవారికైనను ఇన్సులిన్ ఎప్పుడు తగ్గింపవలెనో రక్తపరీక్షలను చూచి వైద్యుడే నిర్ణయించును.