తొండి లేని ఆట పుట్టిన తారునేల

న్యూజెర్సీకి వచ్చే మనవాళ్ల దారి ఇంచుమించు ఒకటే. ఎడిసన్‌లో పిల్లల ఇంట్లో దిగుతారు. ఓక్ ట్రీ రోడ్డులో చింతపండు, శనగపిండి కొంటారు. సెలవు రోజున బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి పోయి వస్తారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మేమూ మొదటి వారం ఆ దారే పట్టాం. జమ్మలమడుగులో ఉండే మా అక్క కొడుకు ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. రెండో శనివారం పొద్దున్నే వచ్చి, "మామా, ఈపొద్దు గుడి వద్దులే. నీకొక పార్కింగ్ చూపిస్తా, రా" అన్నాడు.

అలా మొదటిసారి మేపుల్‌వుడ్ చూశాను. న్యూయార్క్‌కు పడమట చెట్లనీడలో ఒదిగిన చిన్న ఊరు. పార్కర్ అవెన్యూలో కొలంబియా హైస్కూలు, దాని నెత్తిన పెద్ద గడియారపు గోపురం. బడి పక్కన కార్లు నిలిపే తారునేల. తెల్లగీతలు, కరెంటు స్తంభాలు తప్ప చూడటానికి మరేమీ లేదు. కానీ ఒక అంచున రాతి మీద ఫలకం ఉంది. అల్టిమేట్ ఫ్రిస్బీ అనే ఆటను 1968లో ఈ బడి పిల్లలే పుట్టించారని అది చెబుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఆడుతున్న ఆట, 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పూర్తి గుర్తింపు పొందిన ఆట, గడ్డి కూడా మొలవని ఈ చోట పుట్టింది.

ఆట చాలా సులువు. రెండు జట్లు, జట్టుకు ఏడుగురు. మైదానం 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. రెండు చివర్లా 18 మీటర్ల చొప్పున గమ్యస్థలాలు. డిస్క్‌ను చేతి నుంచి చేతికి విసురుకుంటూ పోయి, అవతలి గమ్యస్థలంలో మనవాడు గాలిలోనే పట్టుకుంటే ఒక పాయింటు. చేతిలో డిస్క్ ఉన్నవాడు పరుగెత్తకూడదు, ఒక కాలు నేలకు ఆనించి నిలబడే విసరాలి. ఎదురుగా కాపు కాసేవాడు పది అంకెలు పైకి లెక్కపెడతాడు. ఆలోపు డిస్క్ చెయ్యి వదలకపోయినా, డిస్క్ నేలను తాకినా, గీత దాటినా ఆట అవతలి జట్టుది.

ఇక అసలు సంగతి. ఈ ఆటకు అంపైర్ లేడు. ఈల లేదు. తప్పు జరిగితే ఆటగాడే పైకి చెప్పాలి. ఎదుటివాడు ఒప్పుకుంటే సరే, లేకపోతే ఇద్దరూ మాట్లాడుకోవాలి. తేలకపోతే డిస్క్ వెనక్కి వెళ్తుంది, ఆ విసురు మళ్లీ మొదలవుతుంది. దీన్ని వీళ్లు 'స్పిరిట్ ఆఫ్ ద గేమ్' అంటారు, అంటే ఆటధర్మం. "తొండి ఆడితే ఎట్లారా?" అని అడిగాను. "తొండి ఆడొచ్చు మామా. కానీ మళ్లీ నీతో ఎవరు ఆడతారు?" అన్నాడు. చిన్నప్పుడు మా వీధిలో గోలీలకు, కబడ్డీకి ఉన్న చట్టం కూడా అదే. పంటలు వేసుకుని జట్లు పంచుకునే పిల్లల మధ్య పెద్దవాళ్లు ఎన్నడూ నిలబడలేదు. తొండి ఆడినవాడికి మరునాటి ఆటలో చోటు ఉండేది కాదు. ఆ చట్టాన్ని పుస్తకంలోకి ఎక్కించి, జాతీయ పోటీల దాకా చెడకుండా నిలబెట్టారు వీళ్లు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

1968 వేసవిలో జోయెల్ సిల్వర్ అనే బడిపిల్లవాడు మసాచుసెట్స్‌లోని ఒక వేసవి శిబిరంలో డిస్క్‌తో ఆడే ఒక ఆట నేర్చుకున్నాడు. అక్కడ దాన్ని నేర్పింది జారెడ్ కాస్ అనే కళాశాల విద్యార్థి. బడి తెరిచాక విద్యార్థి సంఘంలో సిల్వర్ ఒక తీర్మానం పెట్టాడు, బడిలో ఫ్రిస్బీ కూడా ఉండాలని. మొదటి ఆట విద్యార్థి సంఘానికీ, బడి పత్రిక 'కొలంబియన్' నడిపే పిల్లలకూ జరిగింది. పత్రికవాళ్లు 11–7తో గెలిచారు. తర్వాత ఈ తారునేలకు చేరారు, ఇప్పటి ఆట రూపు దిద్దుకున్నది ఇక్కడే. పాదరసపు దీపాల వెలుగు ఉండేది కాబట్టి రాత్రిళ్లు కూడా ఆడేవారు. మొదట్లో జట్టుకు ఇరవై, ముప్పై మంది ఉండేవారట. పార్కింగ్‌లో అంతమంది పట్టరు. ఏడుగురైతే సరిపోయారు. నేటికీ ప్రపంచ పోటీల్లో జట్టుకు ఏడుగురే. నేను గడియారపు గోపురం వైపు వీపు పెట్టి, ఆ గీతల మధ్య అటూ ఇటూ నడిచి చూశాను. ఏడు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కాళ్లకు తెలిసింది.

సిల్వర్‌తో పాటు బజీ హెల్రింగ్, జానీ హైన్స్ అనే ఇద్దరు కలిసి నియమాలు రాశారు. 1970లో పక్క ఊరు మిల్‌బర్న్ బడితో తొలి పోటీ ఆడి 43–10తో గెలిచారు. ఆ మరుసటి ఏడాదే హెల్రింగ్ కారు ప్రమాదంలో చనిపోయాడు. తాను రాసిన నియమాలు ఎంత దూరం పోయాయో చూడలేదు. సిల్వర్ తర్వాత హాలీవుడ్ చేరి 'డై హార్డ్', 'ద మ్యాట్రిక్స్' వంటి సినిమాలు నిర్మించాడు.

బడి దాటిన పిల్లలు కళాశాలలకు పోతూ ఆటను వెంట తీసుకుపోయారు. అందుకే మా రెండో మజిలీ కూడా పార్కింగ్ స్థలమే అయ్యింది. న్యూ బ్రన్స్‌విక్‌లో, 1766లో మొదలైన రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, కాలేజ్ అవెన్యూ వ్యాయామశాల దగ్గరిది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కళాశాలల మధ్య తొలి పోటీ ఈ చోటే జరిగింది. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ తలపడ్డాయి. జట్టుకు 25 మంది, రట్గర్స్ 6–4తో గెలిచింది. సరిగ్గా 103 ఏళ్లకు, 1972లో అదే నవంబరు 6న, అదే చోట, అవే రెండు విశ్వవిద్యాలయాలు అల్టిమేట్‌లో కళాశాలల మధ్య తొలి పోటీ ఆడాయి. అప్పటికి మైదానం పోయి పార్కింగ్ వచ్చింది. పార్కింగ్‌లో పుట్టిన ఆటకు అది కొత్తేమీ కాదు. ఈసారీ రట్గర్సే గెలిచింది, 29–27. నూరేళ్ల ఎడంతో రెండు పోటీలు, రెండింటిలోనూ తేడా రెండే.

మూడేళ్లకు ఇది పోటీల స్థాయికి ఎదిగింది. 1975 ఏప్రిల్‌లో యేల్ విశ్వవిద్యాలయం ఎనిమిది కళాశాలలను పిలిచి తొలి టోర్నమెంటు నడిపింది. ఆఖరి ఆటలో రట్గర్స్ 26–23తో రెన్సెలర్ జట్టును ఓడించింది. 1979లో ఆటగాళ్లే కలిసి సంఘం పెట్టుకున్నారు. 2010 నుంచి దాని పేరు యూఎస్ఏ అల్టిమేట్. నేడు కళాశాలల జాతీయ పోటీలకు మొదటి విభాగంలో పురుషుల జట్లు 20, మహిళల జట్లు 20 వస్తాయి. చిన్న కళాశాలలకు విడిగా మరో విభాగం ఉంది. జాతీయ స్థాయిలో పరిశీలకులు గీత పక్కన నిలబడతారు. అయినా తప్పు పిలవాల్సింది మొదట ఆటగాడే. ఆటయ్యాక రెండు జట్లూ ఎదుటివాళ్ల ఆటధర్మానికి మార్కులు వేస్తాయి. గెలుపుకు ఒక బహుమతి, మర్యాదకు మరొకటి. ఆ రెండోదానికి కూడా జట్లు ఆరాటపడతాయని మా మేనల్లుడు చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

వాడి సంచిలో డిస్క్ ఉంది. చేతిలోకి తీసుకుని చూశాను. తెల్లటి ప్లాస్టిక్కు, సుమారు 27 సెంటీమీటర్ల అడ్డకొలత, బరువు 175 గ్రాములు. అంచు లోపలికి మడిచిన జొన్నరొట్టె పెనంలా ఉంటుంది. వేళ్లు ఆ మడతలో కూర్చుంటాయి, బొటనవేలు పైన ఆనుతుంది. పైభాగాన అంచు దగ్గర గోటికి తగిలేంత సన్నటి గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. అలంకారం అనుకున్నాను. అవి గాలిని అదుపు చేసే గీతలట. 1967లో పేటెంటు పొందిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఆలోచన. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్కులో కలిపి డిస్కులు పోశారు. మనం అస్థికలు గంగలో కలుపుతాం. ఆయన గాలిలో కలవాలనుకున్నాడు.

డిస్క్ ఎగరడానికి రెండు బలాలు కావాలి. పైన ఉబ్బు, కింద బోలు ఉన్న ఆకారం గాలి మీద తేలుతుంది. కానీ ఆకారం ఒక్కటే చాలదు, మణికట్టు విసురుతో వచ్చే గిరగిర తిరుగుడు కావాలి. తిరిగే బొంగరం పడిపోనట్టే తిరిగే డిస్క్ ఒరిగిపోదు. నేను మొదట విసిరింది భుజబలంతోనే. పది అడుగులు పోయి పక్కకు కూలింది. "భుజం కాదు మామా, మణికట్టు" అని నా చెయ్యి పట్టి చూపించాడు. ఎనిమిదో విసురుకు నేలకు సమంగా, చప్పుడు లేకుండా ముప్పై గజాలు పోయింది. ఆ నిశ్శబ్దం చూడవలసిందే.

ఫ్రిస్బీ అనే పేరుకు కూడా కథ ఉంది. 1871లో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో విలియం ఫ్రిస్బీ పెట్టిన కార్ఖానా 'పై' అనే పిండివంట అమ్మేది. తిన్నాక మిగిలిన రేకు పళ్లేలను యేల్ విద్యార్థులు విసురుకుని ఆడేవారు. మరోవైపు కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మారిసన్ అనే యువకుడు కాబోయే భార్యతో సముద్రతీరాన కేకు పళ్లెం విసురుకుంటుంటే, దాన్ని పావు డాలరుకు అమ్మమని ఒకాయన అడిగాడు. దుకాణంలో దాని ధర ఐదు సెంట్లు. మారిసన్ ప్లాస్టిక్కు డిస్కులు తయారు చేసి, 1957 జనవరిలో వ్హామ్-ఓ అనే కంపెనీకి హక్కులిచ్చాడు. ఆ ఏడాదే కంపెనీ దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టింది.

మేపుల్‌వుడ్, న్యూ బ్రన్స్‌విక్ రెండూ ఒక్కరోజులో చూడొచ్చు. న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ మోరిస్ అండ్ ఎసెక్స్ రైలు ఎక్కితే ముప్పావుగంటలో మేపుల్‌వుడ్ వస్తుంది. అక్కడి నుంచి బడికి నడిచి పోవచ్చు. బడి లేని రోజు చూసుకోండి, కార్లు తక్కువగా ఉంటాయి. ఎడిసన్‌లో దిగినవాళ్లకు న్యూ బ్రన్స్‌విక్ మరుసటి స్టేషనే, నార్త్ ఈస్ట్ కారిడార్ రైలు. స్టేషన్ నుంచి కాలేజ్ అవెన్యూ వ్యాయామశాల పావుగంట నడక. రెండు రైలుదారులూ సికాకస్‌లో కలుస్తాయి, అక్కడ మారితే సరి. రెండు చోట్లా టికెట్టు లేదు. మన దేశంలో ఆట చూడాలంటే చెన్నై బీసెంట్ నగర్ తీరం మంచి చోటు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో నాలుగు డిస్కులు పెట్టుకొచ్చాను. ఈ ఆటకు మైదానం లేదనే సాకు మన కడప జిల్లాలో చెల్లదు. పులివెందుల జేఎన్‌టీయూ కళాశాల, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కడప–పులివెందుల రోడ్డు మీద యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. నలుగురు పిల్లలు పూనుకుంటే మూడు జట్లకు సరిపడా చోటుంది. అదీ కాకపోతే పెన్నా ఉంది. గండికోట లోయ దాటి, మైలవరం డ్యాము దాటి జమ్మలమడుగు చేరేసరికి ఏడాదిలో చాలా నెలలు పెన్నలో ఇసుకే. ఇసుక మీద ఆడే అల్టిమేట్‌కు మైదానం 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, జట్టుకు ఐదుగురు.

పోయిన నెల ఒక సాయంత్రం ఏటి ఇసుకలో అడుగులతో కొలిచి, చెప్పులు గుర్తులుగా పెట్టాం. మా వీధి పిల్లలు పదిమంది వచ్చారు, వాళ్లలో ముగ్గురు ఆడపిల్లలు. ఐదో విసురుకే గొడవ మొదలైంది. ఒకడు ఇసుకకు జానెడు ఎత్తులో డిస్క్ అందుకుని "పట్టినా" అని అరిచాడు. "తాకింది" అంది ఎదురుగా ఉన్న పాప. అందరూ నా వైపు తిరిగారు. నేను చూడలేదన్నాను. నిజంగానే చూడలేదు. వాడు డిస్క్‌ను తిప్పి కిందివైపు అంచు చూశాడు. మడతలో పిడికెడు ఇసుక. దులిపి పాప చేతికిచ్చి, ఎదురుగా నిలబడి "ఒకటి, రెండు, మూడు..." అని లెక్క మొదలుపెట్టాడు.