ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం

ఆహారంలోని పదార్థాలు ఆక్సీకరణాన్ని ఎంతవరకు అడ్డుకోగలవో తెలిపే ప్రయోగశాల కొలతను యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం అంటారు. రొట్టె, పప్పు, పండు, టీ వంటి ఏ ఆహారానికైనా దీనిని కొలవవచ్చు. అయితే ఫలితం ఎంచుకొన్న పద్ధతిని బట్టి మారుతుంది. కనుక పద్ధతి, ప్రమాణం పేర్కొనని సంఖ్యతో రెండు ఆహారాలను పోల్చడం సరికాదు.

నేపథ్యం

శరీరంలో జీవక్రియలు జరిగేటప్పుడు స్వేచ్ఛా రాడికల్స్ ఏర్పడతాయి. జత లేని ఎలక్ట్రాను కలిగిన ఇవి పక్కనున్న అణువుల నుండి ఎలక్ట్రానులను లాక్కొంటాయి. యాంటీఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రానును గాని, హైడ్రోజన్ పరమాణువును గాని ఇచ్చి ఆ చర్యను ఆపుతాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, కెరోటినాయిడ్లు, ఫినాలిక్ పదార్థాలు వీటిలో ముఖ్యమైనవి. ధాన్యాలలో ఫినాలిక్ పదార్థాలు ఎక్కువగా గింజ పైపొరలలో ఉంటాయి.

కొలిచే పద్ధతులు

నమూనాను ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్ వంటి ద్రావణితో సారాన్ని తీస్తారు. ఆ సారంపై ఈ క్రింది పరీక్షలు జరుపుతారు.

* డీపీపీహెచ్ పద్ధతి: ఊదారంగులో ఉండే డీపీపీహెచ్ రాడికల్ ద్రావణం సారం కలిపినపుడు పసుపు రంగుకు మారుతుంది. రంగు తగ్గుదలను 517 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తారు. ఉదాహరణకు శోషణ 0.80 నుండి 0.20కి తగ్గితే నిరోధం 75 శాతం.
* ఫ్రాప్ పద్ధతి: 1996లో బెంజీ, స్ట్రెయిన్ ప్రతిపాదించారు. ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారినపుడు ఏర్పడే నీలిరంగును 593 నానోమీటర్ల వద్ద కొలుస్తారు.
* ఫోలిన్-సియోకాల్టో పద్ధతి: మొత్తం ఫినాలిక్ పదార్థాలను గాలిక్ ఆమ్లంతో పోల్చి అంచనా వేస్తుంది.

మొదటి రెండు పద్ధతులలో ఫలితాన్ని తరచుగా ట్రోలాక్స్‌తో పోల్చి చెబుతారు. ట్రోలాక్స్ నీటిలో కరిగే విటమిన్ ఇ రూపాంతరం.

జొన్న రొట్టె ఉదాహరణ

అచ్చంపేట 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, తరువాత నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఈ పరిసరాలతో పాటు దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలలో జొన్న రొట్టె సంప్రదాయ ఆహారం. దీనిని పరీక్షించేటపుడు మూడు విషయాలు గమనించాలి.

మొదటిది నీరు. రొట్టెలో 40 శాతం నీరు ఉందనుకుంటే 100 గ్రాముల రొట్టెలో పొడి పదార్థం 60 గ్రాములే. కనుక పిండినీ రొట్టెనూ పొడి బరువు ఆధారంగానే పోల్చాలి.

రెండవది బంధిత ఫినాల్స్. ఫెరూలిక్ ఆమ్లం వంటివి పీచుకు అంటిపెట్టుకొని ఉంటాయి. ఇవి మిథనాల్‌లోకి సరిగా రావు, క్షారంతో విడదీయాలి. అలా చేయకపోతే ధాన్యపు విలువ తక్కువగా కనిపిస్తుంది.

మూడవది కాల్చడం. పెనంపై రొట్టె ఎర్రబడినపుడు మెయిలార్డ్ చర్య వలన మెలనాయిడిన్లు ఏర్పడి కొలత పెరగవచ్చు. బ్రెడ్డు పైపెచ్చులోనూ ఇదే జరుగుతుంది. అంతమాత్రాన మాడిన రొట్టె మేలైనది కాదు. అధిక వేడిలో హానికర అక్రిలమైడ్ కూడా ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

భారతదేశంలో పరిశోధన

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగంలో కృషి చేసింది. ఈ సంస్థ శాస్త్రవేత్తలు మనం సాధారణంగా తినే ధాన్యాలు, చిరుధాన్యాలు, పప్పులపై జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో రాగులు మెరుగైన ఫలితం చూపిన వాటిలో ఒకటి.

పరిమితులు

పరీక్షనాళికలోని ఫలితం శరీరంలో అదే విధంగా ఉండదు. ఫినాలిక్ పదార్థాలలో కొంత భాగమే రక్తంలోకి చేరుతుంది. అదీ కాలేయంలో, పేగులలో రూపం మార్చుకొంటుంది. ఓరాక్ అనే మరొక పద్ధతి విలువలను వ్యాపార ప్రకటనలలో దుర్వినియోగం చేస్తున్నారని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికను ఉపసంహరించుకొంది. ఫిన్లాండులో పొగతాగేవారికి బీటా-కెరోటిన్ మాత్రలు ఇచ్చిన ప్రయోగంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది.

అందువలన ఈ కొలత వంగడాలను, వంట పద్ధతులను పోల్చడానికి ఉపకరిస్తుంది గాని, ఒక ఆహారం ఏదైనా రోగాన్ని నివారిస్తుందనడానికి అదొక్కటే ఆధారం కాదు.