ఆబిడ్స్ ఇంటిలో ఉప్పునీటి గోబీ: ఆవిరి, ఇసుక, ఒక అసంపూర్ణ సలహా

నాంపల్లి స్టేషనుకు నడిచి వెళ్ళగల దూరంలో, ఆబిడ్స్ వైపున ఒక భవనపు మూడవ అంతస్తులో, పదవీ విరమణ చేసిన ఉద్యోగి ఒకరి ఇంట 100 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉన్నది. అందులో రెండంగుళాల రొయ్య గోబీ ఒకటి, దానికి తోడుగా ఒక పిస్టల్ రొయ్య ఉండేవి. ఏప్రిల్ నెలాఖరున ఒక ఉదయం ఆయన ఫోను చేసి, చేప మూడు రోజులుగా బొరియ విడిచి రావడం లేదని, కొత్తగా కొన్న రిఫ్రాక్టోమీటరు 42 పీపీటీ చూపుతున్నదని చెప్పారు. ఉప్పు పెరిగినది, మంచినీటితో 35కు దించండి అన్నాను. ఎన్ని రోజులలో దించాలో చెప్పలేదు. ఆయన ఆ పూటే 17 లీటర్లు తోడివేసి, అంతే ఆర్.ఓ. నీరు పోశారు. పరికరంలో 35 వచ్చింది. మరునాటికి రొయ్య చనిపోయింది.

42 ఎలా వచ్చిందో చూద్దాం. 35 పీపీటీ వద్ద 100 లీటర్ల నీటిలో ఉండే ఉప్పు సుమారు 3,500 గ్రాములు. వేసవిలో నీరు వేడెక్కకుండా ఆయన నీటిపైకి చిన్న ఫ్యాను పెట్టారు; అందువల్ల రోజుకు దాదాపు 2 లీటర్లు ఆవిరి అయ్యాయి. ఆవిరితో ఉప్పు పోదు. తరిగిన మేరకు మంచినీరు పోయవలసిన చోట, సముద్రపు చేప కదా అని ఆయన ఉప్పునీరే కలిపి పోశారు. అయిదు రోజులకొకమారు 10 లీటర్లు, అంటే ప్రతిమారు 350 గ్రాముల అదనపు ఉప్పు. పది రోజులలో 3,500 గ్రాములు 4,200 అయ్యాయి. మురుగు పారుదల లేని పొలంలో నీరు ఆవిరై లవణం పైకి చేరి నేల చౌడు బారడం మనకు కొత్త కాదు. అక్వేరియంలో జరిగినదీ అదే. నెలలు పట్టేది వారాలలో జరిగింది.

ఎర్ర సముద్రంలో లవణీయత 40 పీపీటీ వరకు ఉంటుంది. అక్కడ కూడ రొయ్య గోబీలు హాయిగా జీవిస్తున్నాయి. కనుక ఆ అంకె ఒక్కటే ప్రాణాంతకం కాదు. మార్పు వేగమే ప్రాణం తీసినదని నా నిర్ణయం. సముద్రపు చేప నీరు త్రాగి, అధిక లవణాన్ని మొప్పల ద్వారా విసర్జించి కొంతమేరకు సర్దుకోగలదు. రొయ్య శరీర ద్రవం చుట్టూ ఉన్న నీటితో పాటే మారుతుంది గనుక ఒక్క పూటలో 7 పీపీటీ పతనాన్ని అది ఓర్చుకోలేదు. రోజుకు ఒకటి, ఒకటిన్నర పీపీటీ చొప్పున అయిదారు రోజులలో దించవలసి ఉండెను. పిల్లను చెరువులో వదిలే ముందు వన్నామీ రైతులు లవణీయతకు మెల్లగా అలవాటు చేస్తారు. వారికి రోజూ చెప్పే మాటను నేను ఆయనకు చెప్పలేదు.

రొయ్య పోవడం చేపకు ఎంత నష్టమో తెలియాలంటే వాటి కాపురం తెలియాలి. గోబీకి చూపు చురుకు, కాని ఇసుకలో బొరియ త్రవ్వే శక్తి లేదు. పిస్టల్ రొయ్య పగలంతా ఇసుక తోడిపోస్తూనే ఉంటుంది, కాని దాని చూపు మందం. చేప ద్వారం వద్ద కాపలా ఉంటుంది. బయటికి వచ్చిన రొయ్య తన మీసాన్ని చేప ఒంటిపై ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనబడితే చేప తోక చిన్నగా అదిలిస్తుంది, రొయ్య వెనుదిరుగుతుంది. ముప్పు దగ్గరపడితే చేప తలక్రిందుగా లోనికి దూకుతుంది. పెద్ద గిట్టతో ఆ రొయ్య చేసే చప్పుడు గిట్టలు తాకడం వలన కాక, నీటిబుడగ కూలడం వలన పుడుతుందని 2000లో సైన్స్ పత్రికలో నెదర్లాండ్స్, జర్మనీ పరిశోధకులు నిరూపించారు. ఆ చప్పుడు విని అద్దం పగిలిందేమోనని కంగారుపడి లేచిన ఇంటివారు ఉన్నారు.

ఇంతటి జీవనమంతా అడుగున సాగుతుంది గనుక తొట్టి ఏర్పాటు ఇసుకతోనే ప్రారంభం కావాలి. 7 నుండి 10 సెంటీమీటర్ల మందం అవసరం. సన్నని ఇసుక ఒక్కటే పోస్తే బొరియ కూలుతుంది. గవ్వముక్కలు, చిన్న రాళ్ళు కలిపితే రొయ్య వాటిని కప్పుకు వాడుకుంటుంది. పెద్ద రాళ్ళను ముందుగా అడుగు అద్దంపై కుదురుగా నిలిపి, ఆపైన ఇసుక పోయాలి. ఇసుకపై రాయి పెడితే రొయ్య దాని క్రింద త్రవ్వుతుంది, రాయి జారి చేపను నలిపివేస్తుంది. గోబీలు ఎగిరి దూకుతాయి గనుక పైన వలమూత తప్పదు.

హైదరాబాదుకు సముద్రం సుమారు 300 కిలోమీటర్ల దూరం. అందుచేత ఉప్పు మిశ్రమాన్ని ఆర్.ఓ. నీటిలో కరిగించి వాడుకోవలసిందే. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేటు విరుస్తుంది, కాని బోరునీటి కాఠిన్యం, నైట్రేటు దానితో పోవు. నీరు సిద్ధమైన తరువాత అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే బాక్టీరియా నెలకొనడానికి నాలుగు నుండి ఆరు వారాలు ఆగాలి. నీటి ఉష్ణోగ్రత 24–27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చేపకు తెల్లమచ్చ వచ్చినప్పుడు అదే తొట్టిలో మైలుతుత్తం వేయరాదు. రాగి చేపను కాపాడే మోతాదులోనే రొయ్యను చంపుతుంది. చికిత్స వేరు పాత్రలో జరగాలి.

ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి కొర్రమీను పిల్లలను పాలిథీన్ సంచులలో పట్టుకుని జనం బారులు తీరుతారు. కొర్రమీను గాలి పీల్చగలదు, ఇరుకున కూడ నిలుస్తుంది. ఆ దృశ్యానికి అలవాటుపడిన కన్ను గోబీని కూడ సంచిలో ఎండన తేవచ్చుననుకుంటుంది, అది పొరపాటు. పైగా బజారులో దొరికే రొయ్య గోబీలలో అత్యధికం సముద్రంలో పట్టినవే, హేచరీలో పుట్టినవి కావు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల హేచరీ పద్ధతిని రూపొందించినది గనుక, మొదటిసారి పెంచేవారికి అటువంటి చేపనే నేను సూచిస్తాను. అలంకరణకు పగడపు రాయి అడిగేవారికి మాత్రం సందేహం లేకుండా వద్దని చెప్పాలి: రాతిపగడాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ఆబిడ్స్ గోబీ బ్రతికింది. పాత బొరియ వారంలో కూలిపోగా రాతి సందులోకి మారింది. మైసిస్ రొయ్య వేసినప్పుడు తల మాత్రం బయటపెట్టి అందుకునేది. ఆయన తొట్టి అద్దంపై నీటిమట్టానికి గీత గీసి, రోజూ ఉదయం ఆ గీత వరకు ఆర్.ఓ. నీరే పోశారు. జూన్‌లో వానలు పడి గాలిలో తేమ పెరగగా రోజూ పోయవలసిన నీరు అర లీటరుకు తగ్గింది. అప్పుడు మరొక పిస్టల్ రొయ్యను తెచ్చి, రెండు గంటలపాటు చుక్కచుక్కగా తొట్టి నీరు కలిపి, రాతి ప్రక్కన వదిలారు. మూడవనాడు గోబీ దాని వద్దకు చేరినదని ఫోనులో చెప్పారు.